అరిగేవి, విరిగేవి

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో బాయిలర్ ఫిట్టరు. ఇప్పటి పిల్లలకు బిట్రగుంట అంటే కావలికీ నెల్లూరుకీ మధ్య, బోర్డు చదివేలోపు కిటికీలోంచి దాటిపోయే స్టేషను. ఆవిరి ఇంజన్ల రోజుల్లో దాని దర్జా వేరు. విజయవాడకూ మద్రాసుకూ ఇంచుమించు సగం దారిలో ఉండటం వల్ల ఇంజన్లు అక్కడే మారేవి, డ్రైవర్లు అక్కడే దిగేవారు, బొగ్గూ నీళ్ళూ అక్కడే పట్టేవారు. షెడ్డు సైరన్ మోగితే కాలనీలో గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద మసి రవ్వలు పడితే అమ్మ తిట్టేది ఇంజన్ని కాదు, నాన్నని.

షెడ్డులో నాకు మొదట పరిచయమైన పుస్తకం రిపేర్ బుక్కు. అట్ట చిరిగి, పేజీలకు నూనె పట్టి ఉండేది. డ్యూటీ దిగిన డ్రైవరు ఇంటికి పోయే ముందు ఆ ట్రిప్పులో ఇంజను పెట్టిన ఇబ్బందులన్నీ అందులో రాసి సంతకం చేయాలి. ఎడమ బిగ్ఎండ్ కొట్టుకుంటోంది, ఇంజెక్టర్ నీళ్ళు సరిగా తోయడం లేదు, ఫలానా గ్లాండు దగ్గర ఆవిరి కారుతోంది, ఇలాంటివి. దాని పక్కన ఫిట్టరు తాను ఏం చేశాడో రాయాలి. కొందరు డ్రైవర్లు రెండు ముక్కల్లో తేల్చేసేవారు. కొందరు ఇంజను తమకు చేసిన అన్యాయాన్ని పేజీ నిండా వెళ్ళబోసుకునేవారు. నాన్నకు ఈ రెండో రకం వాళ్ళంటే గౌరవం. "ఎక్కడ మొదలైంది, లోడు లాగేటప్పుడా, ఖాళీగా పోయేటప్పుడా, అన్నీ రాస్తాడురా. సగం రిపేరు అక్కడే అయిపోతుంది" అనేవారు. నా ఉద్యోగ కాలంలో లోపాలు నమోదు చేయడానికి రకరకాల కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. పది గడులుంటే తొమ్మిదింటిలో అడ్డగీతలు పెట్టేవారు మావాళ్ళు. ఆ వెళ్ళబోసుకునే డ్రైవర్లు నాకు అప్పుడు తెగ గుర్తొచ్చేవారు.

వాషౌట్ అని ఒక పని ఉండేది. బాయిలర్ను చల్లార్చి, నీళ్ళు వదిలేసి, ప్లగ్గులు విప్పి, లోపల పేరుకున్న బురదనూ పొలుసునూ నీటిధార కొట్టి కడిగేయడం. నీళ్ళలో సున్నం ఎంత ఎక్కువుంటే పొలుసు అంత త్వరగా పేరుకుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే రేకుకు నీటి చల్లదనం అందదు, ఎర్రగా కాలి ఉబ్బిపోతుంది. అందుకే వాషౌట్‌కు గడువు ఉండేది. గడువు దాటితే ఎంతటి ఇంజనైనా షెడ్డు గడప దాటడానికి వీల్లేదు.

ఒక ఆదివారం అలా చల్లారిన డబ్ల్యూజీ రకం గూడ్సు ఇంజను ఫైర్‌బాక్సులోకి, అంటే బొగ్గు మండే పెట్టెలోకి, నాన్న నన్ను దించారు. పిల్లలను లోపలికి రానివ్వకూడదు. చార్జిమన్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. లోపల పిల్లవాడు నిటారుగా నిలబడేంత జాగా. గోడల నిండా వరసలు వరసలుగా బొడిపెలు. అవి స్టే బోల్టుల తలలు. ఫైర్‌బాక్సు నిజానికి పెట్టెలో పెట్టె, రెండింటి నడుమా నీళ్ళు. ఆవిరి ఒత్తిడికి లోపలి పెట్టె నలిగిపోకుండా రెంటినీ పట్టి ఉంచేవి ఈ బోల్టులే, వందల కొద్దీ. నాన్న చేతిలో చిన్న సుత్తి, నా చేతిలో దీపం. ఒక్కొక్క తల మీద ఒక్కొక్క దెబ్బ. టంగ్, టంగ్, టంగ్. ఒకచోట మాత్రం 'టప్' అంది. నాన్న ఏమీ అనకుండా దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి ముందుకు పోయారు.

బయటికొచ్చాక అదే బోల్టు బయటి కొసను చూపించారు. దాని నడిబొడ్డున సన్నటి బెజ్జం. పక్కదానికీ ఉంది, ఆ పక్కదానికీ ఉంది. బోల్టు లోపల విరిగితే ఆ బెజ్జంలోంచి ఆవిరి బుసకొట్టుకుంటూ బయటికొస్తుందని చెప్పారు. చేసినవాడే ఇది ఒకనాడు విరుగుతుందని ఒప్పుకుని, విరిగినప్పుడు కేక వేయడానికి దానికో నోరు పెట్టి పంపాడన్నమాట. ఆ తర్వాత నా చేతుల మీదుగా పోయిన ఖరీదైన సెన్సార్లలో ఏదీ నన్ను అంతగా ఆశ్చర్యపరచలేదు. మరి సుత్తి ఎందుకు అంటే, బెజ్జం మసితో పూడుకుపోయి ఉండొచ్చు కదా.

"వీటిని కూడా గడువు పెట్టి మార్చేయొచ్చు కదా నాన్నా?" అని అడిగాను.

"చక్రం అరుగుతుంది. దానికి తారీఖు వేయొచ్చు. ఇది అరగదు, విరుగుతుంది. ఇవాళ విరగొచ్చు, పదేళ్ళు ఉండొచ్చు. దాన్ని వినాలి" అన్నారు.

ఆయన చదువు ఎనిమిదో తరగతి. యంత్రాల విశ్వసనీయత మీద నేను తర్వాత చదివిన లావుపాటి పుస్తకాల్లో సగం ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

ప్లాట్‌ఫారం మీద కూడా ఇదే వరస. రైలు ఆగగానే ఒక మనిషి పొడుగాటి పిడి ఉన్న సుత్తితో చక్రాలను ఒక్కొక్కటే తడుతూ, చక్రాల ఇరుసు కొసలుండే యాక్సిల్ బాక్సులను చేతి వెనుకవైపుతో తాకి చూస్తూ పోయేవాడు. వేడిని పసిగట్టడానికి అరచేయి పనికిరాదు, మొద్దుబారిపోయి ఉంటుంది. హాట్ యాక్సిల్ అంటే ఇరుసు కాగిపోవడమని మా కాలనీలో పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు. ఆ సుత్తి వెనుక ఎంత కథ ఉందో మాత్రం నాకు తిరుపతిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలిసింది.

1842 మే 8న వెర్సాయ్‌లో రాజుగారి వేడుకలు చూసి పారిస్‌కు తిరిగి వెళుతున్న జనంతో కిక్కిరిసిన రైలు అది. ముందున్న ఇంజను యాక్సిల్ విరిగింది. వెనుక పెట్టెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి, నిప్పంటుకుంది. ఆ రోజుల్లో ప్రయాణికులను లోపల ఉంచి తలుపులకు తాళం వేసేవారు. యాభై మందికి పైగా చనిపోయారు. విరిగిన యాక్సిల్ చూస్తే పైకి మంచి ఇనుమే. నడవగా నడవగా ఇనుము లోపల గింజకట్టి స్ఫటికంలా పెళుసు బారుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. స్కాట్లండ్‌కు చెందిన యువ ఇంజనీరు రాంకిన్ విరిగిన యాక్సిళ్ళను పరిశీలించి, అది కాదని 1843లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. లావు నుంచి సన్నానికి ఒక్కసారిగా తగ్గే మెడ దగ్గర చిన్న పగులు మొదలవుతుంది, అది కొద్దికొద్దిగా లోపలికి పాకుతుంది, మిగిలిన ఇనుము బరువు మోయలేని రోజున పుటుక్కున తెగుతుంది. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు యాక్సిళ్ళను యంత్రాల మీద లక్షల సార్లు తిప్పి, ఎంత బరువు పెడితే ఎన్ని తిరుగుళ్ళకు విరుగుతాయో 1870 నాటికల్లా లెక్క తేల్చాడు. ఫలానా బరువుకు లోపల ఉంటే ఉక్కు ఎంత తిప్పినా విరగదని కూడా. ఇంజనీరింగ్ పాఠాల్లో ఫెటీగ్ అనే అధ్యాయం ఆయన పుణ్యమే. ఆ అధ్యాయం చదువుతున్నంతసేపూ నా చెవుల్లో 'టప్' అన్న చప్పుడే.

ఇక బాయిలర్ల సంగతి. 1865లో అమెరికాలో మిసిసిపీ నది మీద సుల్తానా అనే పడవలో బాయిలర్లు పేలి వెయ్యి మందికి పైగా పోయారు. ఆ మరుసటి ఏడే హార్ట్‌ఫర్డ్‌లో బాయిలర్లను తనిఖీ చేసి బీమా ఇచ్చే కంపెనీ ఒకటి పుట్టింది. పేలితే డబ్బు కట్టాలి కాబట్టి పేలకుండా చూడటం వాళ్ళకు అవసరం. యంత్రాల భద్రత చరిత్ర తిరగేస్తే ఇది చాలాసార్లు కనబడుతుంది. పండితుల కంటే ముందు అప్రమత్తమైంది బీమా వాళ్ళు. యంత్రం ఎంత అదిరితే ఫర్వాలేదు, ఎంత అదిరితే ఆపేయాలి అని 1939లో మొదటి పట్టిక గీసిన రాత్‌బోన్ కూడా బీమా కంపెనీ ఇంజనీరే. మన దగ్గర 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది. అది వందేళ్ళు పైబడి బతికి, 2025లో కొత్త చట్టానికి చోటిచ్చింది.

ఆ చట్టంతో నాకు బాగానే పరిచయం. చదువయ్యాక ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. ఏ కేంద్రమో చెప్పను, నాతో పనిచేసినవాళ్ళు ఎలాగూ గుర్తుపడతారు. 210 మెగావాట్ల యూనిట్లు. బాయిలర్ సర్టిఫికెట్ గడువు ముగిసే వేళకు యూనిట్ ఆపాలి, బాయిలర్ ఇన్‌స్పెక్టర్ రావాలి, డ్రమ్ములోకి దూరి చూడాలి, నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. అంతా సబబుగానే ఉంది. చిక్కెక్కడంటే, ఎలాగూ యూనిట్ ఆగింది కదా అని కనిపించిన ప్రతి యంత్రాన్నీ విప్పేవారు. మా పైఅధికారి ఒకాయనకు ఓవరాలింగ్ అంటే ఏటేటా చేసే వ్రతంతో సమానం. బాగా నడుస్తున్న పంపును ఎందుకు విప్పాలని అడిగితే "ఏడాదైంది కదయ్యా" అనేవారు. అంతే సమాధానం.

అలా ఒక ఏడు బాయిలర్ ఫీడ్ పంపు ఒకటి విప్పారు. ఈ పంపులు బాయిలర్‌కు నీళ్ళు తోసేవి. ఒకటి ఆగి, రెండోది వెంటనే అందుకోకపోతే యూనిట్ కూలిపోతుంది. విప్పక ముందు దాని మీద చేయి పెడితే నడుస్తోందా లేదా అన్నంత నెమ్మదిగా ఉండేది. విప్పారు, బేరింగులు కడిగారు, అన్నీ బాగున్నాయని రాశారు, బిగించారు. యూనిట్ లైనులోకి వచ్చిన కొద్ది రోజులకే ఒక రాత్రి ఆ పంపు బేరింగు ఉష్ణోగ్రత జరజరా పెరిగింది, పంపు ట్రిప్పయింది. మళ్ళీ లైన్ క్లియర్, అంటే విప్పడానికి అనుమతి, తీసుకుని విప్పితే బేరింగు తెల్లలోహం కరిగి గీతలు పడి ఉంది. చమురు వచ్చే దారిలో చేతులు తుడుచుకునే కాటన్ వేస్టు పోగులు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. ఎవరు వదిలారో తేలలేదు. మూడు షిఫ్టులు, కాంట్రాక్టు మనుషులు, యూనిట్ త్వరగా ఎక్కించాలన్న తొందర, ఎవరిని అడుగుతాం? మా పెద్ద ఫిట్టరు ఆ పోగుల్ని చిటికెన వేలితో తీసి నా చేతిలో పెట్టి, "మనం ముట్టుకోకపోతే ఇది ఇంకా మూడేళ్ళు తిరిగేది సార్" అన్నాడు.

విచారణ నివేదికలో శుభ్రత లోపించిందని రాశారు. పంపును అసలు ఎందుకు విప్పారన్న ప్రశ్న అందులో లేదు.

ఇలాంటి అనుభవం మాకొక్కరికే కాదని ఆ తర్వాత చదువుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు జర్మన్ జలాంతర్గాములను వేటాడే విమానాలు సగానికి సగం రిపేర్లలోనే ఉంటున్నాయని తలపట్టుకున్నారు. లెక్కలు చూడమని శాస్త్రవేత్తలను పెట్టారు. వాళ్ళలో వాడింగ్టన్ అనే ఆయన వృత్తి పిండాల ఎదుగుదలను పరిశోధించడం. విమానాలతో సంబంధమే లేదు. బహుశా అందుకే కళ్ళకు గంతలు లేకుండా చూశాడు. విమానం యాభై గంటలు ఎగిరాక ఒకసారి విప్పి తనిఖీ చేయాలని నియమం. తనిఖీ అయిన వెంటనే అనుకోని రిపేర్లు పెరుగుతున్నాయి, తర్వాత గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నాయి, మళ్ళీ తనిఖీ కాగానే పెరుగుతున్నాయి. అంటే తనిఖీయే విమానాన్ని పాడుచేస్తోంది. తనిఖీల మధ్య గడువు పెంచమని, అనవసరంగా విప్పడం తగ్గించమని చెప్పారు. ఈ లెక్కలున్న పుస్తకం 1973 దాకా బయటికి రాలేదు.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలాన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం ఒక నివేదిక రాశారు. దాని జిరాక్సు ప్రతి ఒకటి మా చేతికొచ్చింది. అక్షరాలు అలుక్కుపోయి, బొమ్మలు నల్లబడి ఉన్నా, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలేజీలో మాకు నేర్పిన పాఠం ప్రకారం ప్రతి వస్తువుకూ పసితనంలో కొన్ని చావులు, నడివయసులో నిలకడ, ముసలితనంలో మళ్ళీ చావులు. గీత గీస్తే స్నానాల తొట్టిలా ఉంటుంది, బాత్‌టబ్ కర్వ్ అంటారు. వీళ్ళు విమాన భాగాల అసలు రికార్డులు తీసి చూస్తే ఆ తొట్టి ఆకారం నూటికి నాలుగింటికే సరిపోయింది. వయసుతో పాటు పాడయ్యే లక్షణం ఏ రూపంలోనైనా కనబడినవి మొత్తం నూటికి 11. మిగిలిన 89కి గడువు పెట్టి మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. 68 భాగాలైతే కొత్తగా బిగించినప్పుడే ఎక్కువగా పాడై, ఆ గండం గడిస్తే నిలకడగా నడిచాయి. మా పంపు ఆ 68లోది.

ఆ లెక్క నమ్మి వాళ్ళు ఊరుకోలేదు, ఆచరణలో పెట్టారు. పాత డీసీ-8 విమానానికి గడువు ప్రకారం ఓవరాల్ చేయాల్సిన భాగాలు 339 ఉండేవి. తర్వాత వచ్చిన డీసీ-10కి ఏడు. విమానాలు రాలిపోలేదు సరికదా, మరింత భద్రంగా ఎగిరాయి. గడువు తీసేసి వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. విప్పకుండా చూడటం నేర్చుకున్నారు. ఇంజను లోపలికి గొట్టపు కన్ను దూర్చి చూడటం, చమురులో లోహపు రజను వెతకడం లాంటివి.

ఇది చదివి కొందరు యువ ఇంజనీర్లు మా దగ్గర కూడా ఓవరాలింగ్ ఎత్తేయాలని ఊగిపోయారు. విమానం లెక్క తెచ్చి బొగ్గు మిల్లుకు అంటగడితే ఎలా? మన బొగ్గులో బూడిద తరచూ మూడోవంతు దాకా ఉంటుంది. ఆ బూడిద పొగతో పాటు కొట్టుకుపోతూ బాయిలర్ ట్యూబులను సానపట్టినట్టు అరగదీస్తుంది. మిల్లులో బొగ్గు నలిపే రోళ్ళు కళ్ళముందే అరిగిపోతాయి. ఇవి నాన్న చెప్పిన చక్రం జాతివి. డీ-మీటర్ పెట్టి ట్యూబు మందం కొలిస్తే ఏటా ఎంత తగ్గుతోందో తెలుస్తుంది, ఇంకెన్నాళ్ళు ఆగుతుందో కాగితం మీద చెప్పొచ్చు. వీటికి తారీఖు వేయకపోతే అర్ధరాత్రి ట్యూబు పగిలి అదే తారీఖు వేస్తుంది. కంట్రోలు రూములోని ఎలక్ట్రానిక్ కార్డులది పూర్తిగా ఇంకో జాతి. వాటిలో అరిగేది దాదాపు ఏమీ ఉండదు, పైగా సంఖ్యలో ఎక్కువ. నూరు భాగాలు వరసగా పనిచేయాల్సిన చోట ఒక్కొక్కటి నూటికి 99 పాళ్ళు నమ్మదగినదైనా, మొత్తం మీద నమ్మకం 37 పాళ్ళ దగ్గరే ఆగుతుంది. రాకెట్లు చేసిన జర్మన్ ఇంజనీరు లూసర్ పేరు మీద చలామణీ అయ్యే గుణకారం ఇది. మా చార్జి ఇంజనీర్లకు దీన్ని బోర్డు మీద వేసి చూపిస్తే ఎవరూ నమ్మేవారు కాదు, కాలిక్యులేటర్ తీసి నొక్కి చూసుకునేవారు.

మా పెద్ద ఫిట్టరు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆయన దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు నొక్కిపెట్టి కళ్ళు మూసుకునేవాడు. టర్బైన్ హాలు హోరులో పక్కవాడి మాట వినబడదు, ఆయనకు మాత్రం బేరింగులో గోళీ మాట వినబడేది. "గోకుతోంది సార్" అంటే ఒక అర్థం, "నలుగుతోంది" అంటే మరొకటి. గోకితే నెల టైముంది, నలిగితే వారం కూడా లేదు. తర్వాత మాకు వైబ్రేషన్ ఎనలైజర్ వచ్చింది. సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో విడదీసి గీతల్లో చూపిస్తుంది. నిమిషానికి 3000 సార్లు తిరిగే పంపుకు 50 దగ్గర గీత లేస్తే తూకం తప్పింది, 100 దగ్గర లేస్తే మోటారుకూ పంపుకూ వరస కుదరలేదు అనుకోవాలి. బేరింగు దెబ్బతింటే ఇంకా పైన, పొంతన లేని చోట్ల సన్న గీతలు మొలుస్తాయి. ఒకసారి ఒక ఫ్యాను బేరింగు గోకుతోందని ఆయన అన్నాక యంత్రం పెట్టి చూశాం. సన్న గీతలు వచ్చాయి. ఆ తెర వంక చూసి, "ఇంత డబ్బు పెట్టి కొన్నది నేను చెప్పిందే చెబుతోందా సార్?" అన్నాడు.

ఎగతాళికి అన్నా, ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది, ఆయన రిటైరయ్యాక తెలిసొచ్చిన జవాబు. చెవిని ఆయన ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. యంత్రం పోయిన నెల గీతనూ, అంతకు ముందు నెల గీతనూ దాచిపెట్టింది. అదురు ఎంత ఉందన్నదాని కంటే ఎంత మారిందన్నది ముఖ్యం. ఆ మార్పును కాగితం మీద పెట్టి పైఅధికారి ముందు పరిస్తే, ఏడాదైంది కదయ్యా అనే ఆయన కూడా ఈసారికి విప్పకుండా ఒప్పుకున్నారు. అలా కొద్దికొద్దిగా మా వ్రతం సడలింది.

అప్పట్లో జపాను పద్ధతులంటే కూడా మోజు వచ్చింది. యంత్రాన్ని నడిపేవాడే రోజూ తుడవాలి, బోల్టులు చూడాలి, నూనె వేయాలి అనేది వాటిలో ముఖ్యమైనది. 1971లో నిప్పన్‌డెన్సో అనే కంపెనీ దీనికి బహుమతి పొందిందని క్లాసులో చెప్పారు. బిట్రగుంటలో డ్రైవరు కావాలనుకున్నవాడు ముందు క్లీనరుగా చేరేవాడు. గుడ్డ పట్టుకుని ఇంజన్ని కింద నుంచి పైదాకా తుడిచి తుడిచి, ఏ నట్టు ఎక్కడుందో చేతులకు తెలిశాకే ఫైర్‌మన్, ఆ తర్వాతే డ్రైవరు. క్లాసులో నేను ఈ సంగతి చెబితే శిక్షణ ఇచ్చేవారు మర్యాదగా నవ్వి తర్వాతి స్లైడుకు వెళ్ళారు.

విప్పవద్దు అనే మాటకు మరో ముఖం ఉంది. ఖర్చు తగ్గించాలనుకునేవాళ్ళకు అది తియ్యగా వినబడుతుంది. 1984 డిసెంబరులో భోపాల్ వార్త వచ్చినప్పుడు మా ప్లాంటులో చాలా రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ తర్వాత వివరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. విషవాయువు ట్యాంకును చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. బయటికొచ్చిన వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవరు గొట్టం ఒకటి తుప్పు పట్టి, మార్చడానికి ఊడదీసి ఉంది. కడిగే స్క్రబ్బరు సిద్ధంగా లేదు. మెయింటెనెన్స్ సిబ్బందిని అంతకు ముందే కత్తిరించారు. ఇది వినడం నేర్చుకుని విప్పకపోవడం కాదు. ఎవరూ వినకుండానే విప్పకపోవడం. మా మీటింగుల్లో ఎవరైనా రిపేర్ల ఖర్చు తగ్గింపు గురించి ఉత్సాహంగా మాట్లాడితే నేను ముందు అడిగేది ఒకటే, మరి చూసేదెవరు?

నాన్న రిటైరయ్యే నాటికి కరెంటు ఇంజన్లు మద్రాసు దారి పట్టేశాయి. ఆవిరి వెనక్కి తగ్గింది. దేశంలో పెద్ద లైను మీద చివరి ఆవిరి ఇంజను 1995లో ఆగింది. ఆ వార్త పేపర్లో చదివి వినిపిస్తే ఆయన పెద్దగా బాధపడలేదు. "మంచిదే. స్టే బోల్టుల బాధ తప్పింది ఎవరికో" అన్నారు. జ్ఞాపకాల మీద మోజు నాకే గానీ ఆయనకు లేదు. నలభై డిగ్రీల ఎండలో ఫైర్‌బాక్సులో దూరినవాడికి అది ఎలా ఉంటుంది?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. 1953లో పూర్తయిన డ్యాం, 33 గేట్లు. మా రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా అదే గోల. గొలుసుకు వయసుంటుంది, ఎప్పుడో మార్చాల్సిందని ఒకరు. పగులు ముందే పట్టి ఉంటుంది, శబ్ద తరంగాలతో పరీక్షించి ఉంటే దొరికేదని మరొకరు. నా మట్టుకు నాకు గొలుసు రెండు జాతుల్లోనూ ఉంటుంది. తుప్పుతో అరుగుతుంది, అతుకు దగ్గర విరుగుతుంది. తారీఖూ కావాలి, పరీక్షా కావాలి. వాదన ఎటూ తేలకముందే గేట్ల పనిలో పండిపోయిన మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు గారు అక్కడికి వెళ్ళారు. రిటైరై ఎన్నేళ్ళయిందో ఆయన. గేటు స్థానంలో నీళ్ళకు అడ్డుగా దించే స్టాప్‌లాగ్ పలకలను అప్పటికప్పుడు తయారు చేయించి, నీళ్ళు దూకుతున్న ఖాళీలోకే దించారు. వారం తిరిగేసరికి ప్రవాహం ఆగింది. ఆ పలకలు ముందే చేసి డ్యాం పక్కన ఎందుకు పెట్టుకోలేదన్న ప్రశ్నకు మాత్రం గ్రూపులో ఎవరూ నోరు మెదపలేదు, అందరం ఏదో ఒక స్టోర్సులో స్పేర్ల బడ్జెట్ కోసిన బాపతే.

ఆ గేటు పోయిన మూడు వారాలకే కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఎగువన కట్టేసిన పెద్ద బోట్లు తెంచుకుని వచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను, కౌంటర్‌వెయిట్లను, గుద్దాయి. 1957 నాటి బ్యారేజీ. మళ్ళీ కన్నయ్యనాయుడు గారే వచ్చారు. గ్రూపులో పాత మిత్రుడొకరు నన్ను పేరు పెట్టి అడిగారు, "ఇప్పుడు చెప్పండి సార్, ఇది అరిగేదా, విరిగేదా? బోటు వచ్చి గుద్దుతుందని ఏ షెడ్యూల్లో రాసుకోవాలి?"

బోటు కట్టిన తాడును చూడమని రాసుకోవాలి అని జవాబు పెట్టాను. వెంటనే ఆ తాడు ఇరిగేషన్ వాళ్ళ బాధ్యతా, బోటు యజమానిదా అని ఇంకో చర్చ మొదలైంది.